కన్ను కట్ చేసే ముందు మదర్ రొయ్యని సరిగ్గా చూడండి

బ్రూడర్లకి, అంటే గుడ్ల కోసం పెంచే తల్లి రొయ్యలకి, అబ్లేషన్ (ఒక కంటి కాడ తీసేయడం) చేయబోతున్నవాళ్ళు ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి, కన్ను తీసినంత మాత్రాన గుడ్లు పుట్టవు. కంటి కాడలో ఎక్స్ ఆర్గాన్, సైనస్ గ్రంథి ఉంటాయి, అక్కడి నుంచి వచ్చే జీఐహెచ్ హార్మోన్ అండాశయాన్ని ఎదగనీయకుండా పట్టి ఉంచుతుంది, ఒక కాడ తీసేస్తే ఆ పట్టు సడలుతుంది, అంతే. దీన్ని 1943లోనే పానూస్ అనే శాస్త్రవేత్త రొయ్యల్లో చూపించారు. గుడ్డులోకి వెళ్ళే కొవ్వు, ప్రోటీన్ మాత్రం తల్లి ఒంట్లోంచే రావాలి కదా, అందుకే ముందు కొన్ని రోజులు స్క్విడ్, పాలీకీట్ అనే సముద్రపు పురుగులు బాగా పెట్టి బలం పట్టాకే చేయండి. ఆ పురుగులతో వైట్ స్పాట్ వైరస్, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి లోపలికి వచ్చేయొచ్చు, పీసీఆర్ టెస్ట్ లేకుండా ట్యాంక్‌లో వేయొద్దు ప్లీజ్.

అన్నిటికన్నా ముఖ్యం మౌల్టింగ్, అంటే రొయ్య గుల్ల వదలడం. ఇప్పుడే గుల్ల వదిలి మెత్తగా ఉన్నదాన్నీ, వదలబోతున్నదాన్నీ అస్సలు ముట్టుకోకండి, తట్టుకోలేక చచ్చిపోతాయి. వేలితో నొక్కితే గట్టిగా ఉంది కదా అని ఆగిపోకండి, తోక రెక్క అంచుని మైక్రోస్కోప్ కింద పెడితే వెంట్రుకల మొదట్లో చర్మం పెంకు నుంచి విడిపోయి సన్నటి ఖాళీ గీత కనిపిస్తే అది మౌల్ట్‌కి రెడీ అవుతోందని అర్థం, దాన్ని పక్కన పెట్టేయండి. మౌల్ట్‌ని ఆపే హార్మోన్ కూడా ఆ కంటి కాడలోనే ఉంటుంది కాబట్టి కట్ చేశాక గుల్ల ఇంకా త్వరగా వదులుతాయి. టైగర్ రొయ్యలో అయితే దాచుకున్న మగ బీజం ఆ గుల్లతోనే పోతుంది, మళ్ళీ మగవాటితో కలవాల్సిందే. వెనామీ రకం రొయ్యకి ఈ బాధ లేదు, అది అండాశయం పండాకే కలుస్తుంది.

ఒక్క కన్నే తీయాలి, రెండూ తీస్తే బతకవు. వేడి చేసిన ఫోర్సెప్స్‌తో నొక్కితే గాయం అక్కడే మూసుకుపోతుంది, రక్తం తక్కువ పోతుంది, విబ్రియో బ్యాక్టీరియా పట్టే అవకాశమూ తగ్గుతుంది.

తర్వాత రోజూ సాయంత్రం టార్చ్ వేసి వీపు చూడండి, టైగర్‌లో పొట్ట మొదటి కణుపు దగ్గర నల్లటి పట్టీలా కనిపించే అండాశయం డైమండ్ షేప్‌లో వెడల్పయితే ఆ రాత్రే గుడ్లు పెట్టే ట్యాంక్‌లోకి మార్చాలి, ఆలస్యం చేస్తే ఉన్న ట్యాంక్‌లోనే వదిలేస్తుంది. వెనామీలో మంచి ఫీడ్, మంచి స్టాక్ ఉంటే కట్ చేయకుండానే గుడ్లు పెట్టించొచ్చు, నన్నడిగితే ముందు అదే ట్రై చేయండి. కట్ చేసినా గానీ, వరసగా గుడ్లు పెడుతూ గుడ్ల సంఖ్య, నాప్లీ (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) చురుకుదనం పడిపోతున్న తల్లిని ఇంకా లాగకుండా తీసేయండి.