డబ్బున్నోడు మారే మూకీ సినిమా ఎలా చూడాలంటే

మూకీ డ్రామా మొదటిసారి చూసేవాళ్ళు పది నిమిషాలకే ఆపేస్తారు, తప్పు సినిమాది కాదు, చాలాసార్లు ప్రింట్‌ది. అప్పట్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవాళ్ళు కాబట్టి స్పీడ్ సెకనుకి సుమారు 16 నుంచి 24 ఫ్రేముల దాకా మారేది, దాన్ని తెచ్చి టాకీల 24 దగ్గర ఆడిస్తే ఏడ్చే మనిషి కూడా గెంతుతున్నట్టు ఉంటాడు. అలా పరిగెడుతుంటే ప్లేయర్‌లో స్పీడ్ 0.75కి దించి చూడండి, లేదా రీస్టోర్ చేసిన ప్రింట్ వెతకండి.

ఫోన్ పక్కన పడేయండి, ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా, డైలాగ్ వినిపించదు కదా, ఒక్కసారి తల దించితే టైటిల్ కార్డ్ (సీన్ల మధ్యలో తెర మీద మాటలు, కథ రాసి చూపించేది) పోతుంది, దాంతో కథ కూడా.

ఇక అసలు విషయం. ధనవంతుడి మనసు మారడం కార్డుల్లో వెతక్కండి, అవి ఆలస్యంగా చెప్తాయి. చేతులు చూడండి. మొదట్లో డబ్బు ఎలా విసిరాడు, నౌకరు వైపు చూడకుండా కోటు ఎలా అందించాడు, తర్వాత అదే చెయ్యి ఎక్కడ తటపటాయించింది, మార్పు అక్కడే మొదలైంది. ఫ్రేమంతా నీలంగా ఉంటే మామూలుగా రాత్రి అని, ప్రింట్ పాడైందనుకోకండి (నేను అనుకున్నా).

మ్యూజిక్ తర్వాత ఎవరో అతికించింది అయ్యుండొచ్చు, నచ్చకపోతే మ్యూట్ చేసేయండి.