గల్లాపెట్టె వెనక నుంచి కనపడని లోపాలు: సమస్య - పరిష్కారం

ఏ వస్తువు ఎక్కడుందో, ధరెంతో, తలుపు ఎటు తెరుచుకుంటుందో షాపు యజమానికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అందుకే అవేవీ తెలియని మనిషి పడే ఇబ్బంది ఆయన కంటికి ఆనదు. కింది పరీక్షలన్నీ కస్టమర్ నిలబడే చోట నిలబడి చేయాలి, కౌంటర్ వెనక కూర్చుని ఊహించుకుంటే కుదరదు.

ముందు ఒక వారం రెండు అంకెలు రాయండి: రోజూ లోపలికి ఎంతమంది వచ్చారు, ఎన్ని బిల్లులయ్యాయి. మొదటిది తక్కువైతే లోపం గుమ్మం బయట ఉంది. మొదటిది బాగుండి రెండోది తక్కువైతే లోపలే ఉంది.

సమస్య: రోడ్డు మీద జనం ఉన్నారు, లోపలికి రారు

బోర్డుతో మొదలుపెట్టండి. అక్షరాల ఎత్తుకు వాడుకలో ఉన్న లెక్క 10 అడుగుల దూరానికి 1 అంగుళం. 60 అడుగుల అవతల నుంచి చదవాలంటే 6 అంగుళాలు ఉండాలన్నమాట. చాలా బోర్డుల్లో పేరు పెద్దదిగా, ఏం అమ్ముతారన్నది చిన్నదిగా ఉంటుంది. కొత్తవాళ్ళకు కావలసింది రెండోదే కాబట్టి ఆ సైజులు తారుమారు చేయండి.

బోర్డు సరిగ్గానే ఉంటే అద్దాన్ని అనుమానించాలి. బయట ఎండ, లోపల మసక వెలుతురు ఉంటే గాజు తలుపు ముఖం చూసుకునే అద్దమైపోతుంది, తెరిచిన షాపు కూడా మూసినట్టే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం రోడ్డవతల నుంచి ఫోన్‌తో ఫొటో తీయండి. అందులో మీ సరుకు బదులు ఎదుటి భవనం కనిపిస్తే కారణం దొరికింది. గాజుకు దగ్గరగా లోపలివైపు లైట్లు పెంచండి, పైన నీడ పడే ఏర్పాటు చేయండి, పాత స్టిక్కర్లు గీకేయండి.

తలుపు నెట్టాల్సినదైతే పట్టుకుని లాగే హ్యాండిల్ తీసేసి చదునైన రేకు బిగించండి. హ్యాండిల్ ఉంటే చెయ్యి లాగుతుంది, పక్కన ఏం రాసినా చదవరు.

సమస్య: వస్తారు, చూస్తారు, ఏమీ అడగకుండా వెళ్ళిపోతారు

ఎక్కువసార్లు కారణం ధర రాసి లేకపోవడమే. ధర అడిగాక వద్దనడానికి చాలామందికి మొహమాటం, అడగకపోవడమే వాళ్ళకు సుఖం. అడిగితే చెబుతాం కదా అనేది అమ్మేవాళ్ళ వైపు మాట.

పరీక్ష ఇది. ఎప్పుడూ మీ షాపుకు రాని ఒకరికి మూడు వస్తువుల చీటీ ఇచ్చి, ఎవరినీ అడగకుండా వాటిని, వాటి ధరలను కనుక్కోమనండి. మీరు నోరు మెదపకుండా పక్కనే ఉండి, వాళ్ళు ఎక్కడ ఆగారో, ఏ వైపు తిరిగి వెనక్కి వచ్చారో రాసుకోండి. మధ్యలో సాయం చేస్తే పరీక్ష పాడైనట్టే, యజమానులు ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. 'అదిగో, అక్కడుంది' అనాలని నాలుక దురద పెట్టిన ప్రతి చోటా ఒక చీటీయో బాణం గుర్తో కావాలి.

షాపులోని వాసన కూడా కారణం కావచ్చు, కానీ దాని పరీక్ష వేరు. ముక్కు కొద్ది నిమిషాల్లో చాలా వాసనలకు అలవాటు పడుతుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే పీల్చిన మొదటి శ్వాసను మాత్రమే నమ్మండి, లేదా బయటివాళ్ళను అడగండి.

సమస్య: ఆన్‌లైన్‌లో చూసినవాళ్ళు రారు

వైఫై ఆపి, మొబైల్ డేటాతో, బ్రౌజర్ ప్రైవేట్ విండోలో మీ షాపును వెతకండి. మామూలు విండో మీ పాత వెతుకులాటలను గుర్తుపెట్టుకుని మిమ్మల్నే పైన చూపించవచ్చు. పనివేళలు, సెలవులు, ఫోన్ నంబరు మ్యాప్‌లో సరిపోలాయో లేదో చూడండి. తర్వాత మీవాళ్ళకు తెలియని నంబరు నుంచి, రద్దీ వేళలోనే షాపుకు ఫోన్ చేసి, ఎత్తుతారో లేదో, ఎలా మాట్లాడతారో చూడండి.

సమస్య: ఆలస్యమైందని గొడవ

ఎంతసేపో తెలియని నిరీక్షణ ఉన్నదానికన్నా పొడుగ్గా అనిపిస్తుంది. 'రెండు నిమిషాలు' అన్నాక పది పడితే కోపం ఆ పది మీద కాదు, ఆ రెండు మీద. వరసగా పదిమందికి పట్టిన సమయం గడియారంతో కొలిచి, అందులో బాగా ఎక్కువ పట్టినదానికి దగ్గర అంకె చెప్పండి. గొడవ ఎవరు ముందన్నదాని మీదైతే టోకెన్ ఒక్కటే మందు.