గుర్రం మీద వెళ్తుంటే దారిలో పాము ఎదురైతే

గుర్రం మీద ఉన్నప్పుడు మీరు భయపడాల్సింది పాముకి కాదు, గుర్రం బెదురుకి. జీను మీద కూర్చున్నంతసేపు పాము నోరు మీ దాకా రావడం కష్టం, కానీ గుర్రం ఒక్కసారి పక్కకి గెంతిందంటే మీరు పడేది సరిగ్గా ఆ పాము పక్కనే. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో సగం గుర్రం గురించే ఉంటుంది.

పాములకి బయటికి కనిపించే చెవులుండవు, నేల అదురు మాత్రం బాగా తెలుస్తుంది. గిట్టల అదురుకే చాలా పాములు మనం చూడకముందే జారుకుంటాయి. అలాగని చప్పుడు చేస్తూ వెళ్తే చాలనుకోవద్దు, ఎందుకంటే పింజర జాతి పాములు పారిపోవడం కన్నా ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడుకోవడాన్నే నమ్ముకుంటాయి. తోక ఆడించి చప్పుడు చేసే రాటిల్ స్నేక్ కూడా ప్రతిసారీ హెచ్చరిస్తుందన్న గ్యారంటీ లేదు. చల్లటి రోజుల్లో పొద్దున్నే ఎండ పడే బండల మీద, బాట మధ్యలో ఒళ్లు కాచుకుంటుంటాయి, ఎండాకాలంలో అయితే సాయంత్రం, రాత్రి తిరుగుతాయి.

గుర్రం మనకన్నా ముందే పసిగడుతుంది. చెవులు రెండూ ఒకేచోటికి నిక్కబొడుచుకుని, మెడ బిగించి, ముక్కుతో గట్టిగా ఊదితే మీరూ ఆగిపోండి. నా గుర్రం ఒకసారి బాటకి అడ్డంగా పడున్న ఎండుకొమ్మ దగ్గర ఆగిపోయింది. మొండికేసింది అనుకుని మడమలతో ఒకసారి పొడిచాను, కదల్లేదు, రెండోసారి పొడిచేసరికి కొమ్మే కదిలింది! తాడుని చూసి పామనుకునేవాళ్లుంటారు, నేను రివర్స్.

పాము కనిపించగానే పగ్గాలు గుంజకండి, అరవకండి. మీ ఒళ్లు బిగుసుకుంటే ఆ టెన్షన్ నేరుగా గుర్రానికి చేరిపోతుంది. ఊపిరి నెమ్మదిగా వదిలి, గుర్రం మూతి పాము వైపే ఉంచి నాలుగడుగులు వెనక్కి నడిపించండి, వెనకాల వచ్చేవాళ్లకి మామూలు గొంతుతోనే "పాము, ఆగండి" అని చెప్పండి. పాము సాధారణంగా తన పొడవులో సగం దూరం దాకానే కాటు వేయగలదు కాబట్టి ఐదారు మీటర్ల ఎడం ఉంటే చాలు. దాని దారిన అది పోయేదాకా ఆగండి. తొందరపడి పక్కనున్న ఏపుగా పెరిగిన గడ్డిలోంచి చుట్టు తిరిగి వెళ్లడం మాత్రం అసలు వద్దు, అక్కడ ఇంకోటి ఉంటే కనిపించనైనా కనిపించదు. గుర్రం అదుపు తప్పేలా ఉంటేనే దిగండి, అదీ దూరం జరిగాకే.

అసలు ప్రమాదం దిగినప్పుడే మొదలవుతుంది. మళ్లీ ఎక్కడానికి ఎత్తు కావాలని పడిపోయిన దుంగ మీదో బండ మీదో కాలు పెడతాం చూడండి, పాములకి ఇష్టమైన చోటు దాని కిందే. ముందు కర్రతో తట్టి చూడండి. పగ్గాలు వదిలేసి గుర్రాన్ని బాట పక్కన మేయనివ్వకండి, గుర్రాలకి కాట్లు ఎక్కువగా పడేది మూతి మీదే, వాసన చూద్దామని వంగినప్పుడు.

మూతి మీద కాటు పడితే విషం కన్నా ముందు వాపు చంపుతుంది. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కు మూసుకుపోతే అంతే. అందుకే అనుభవమున్నవాళ్లు 12-15 సెంటీమీటర్ల రబ్బరు పైపు ముక్కలు రెండు, అంచులు నున్నగా చేసి, వ్యాజిలిన్, టేపుతో పాటు దగ్గర పెట్టుకుంటారు. వాపు పూర్తిగా ఎక్కకముందే ఒక్కో ముక్కురంధ్రంలో ఒకటి పెట్టి, కొస బయటికి ఉంచి టేపు వేయాలి. పైవైపు తోస్తే లోపల మూసుకుపోయిన సంచి లాంటిది తగులుతుంది, అడుగు నుంచి లోపలి గోడ వెంబడి పోనివ్వాలి. ఇది చదివి చేసే పని కాదు, మీ పశువైద్యుడి దగ్గర ఒకసారి చేసి చూపించమని అడిగి నేర్చుకోండి. అప్పటికే మూసుకుపోతే బలవంతంగా తోయకండి.

తర్వాత కళ్లెం, ముఖానికున్న పట్టీలు తీసేసి మెడకి తాడు కట్టండి, జీను దించేయండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. వీలైతే గుర్రాన్ని ఎక్కించుకునే వాహనమే మీ దగ్గరికి రావాలి. నడిపించక తప్పకపోతే నెమ్మదిగా, ఆగుతూ నడిపించండి, ఎక్కి మాత్రం రావద్దు. గుర్రం తేరుకుందని వదిలేయకండి, గుండె మీద ప్రభావం, పుండు కుళ్లడం ఆ తర్వాత కూడా బయటపడొచ్చు.

కాటు మీకే పడితే ఉంగరాలు, వాచీ, ఆ కాలి బూటు వాపు రాకముందే తీసేయండి. ఆ చెయ్యో కాలో కదలకుండా చూసుకుంటూ ఆసుపత్రికి చేరాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఐసు పెట్టడం, ఇవేవీ పనికిరావు. వాపు అంచు దగ్గర పెన్నుతో గీత గీసి టైమ్ రాయండి, డాక్టర్‌కి పనికొస్తుంది. కట్లపాము కాటుకి నొప్పి తెలియకపోవచ్చు, నొప్పి లేదని ఇంటికి వెళ్లి పడుకోకండి. విరుగుడు యాంటీవీనం ఒక్కటే. అన్నట్టు, దాన్ని ఎక్కువగా తయారు చేసేది గుర్రాల రక్తం నుంచే, కొంచెం కొంచెంగా విషం ఎక్కించి.

పామును చంపి డాక్టర్‌కి చూపిద్దామనుకోకండి. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, తెగిన తల కూడా చాలాసేపు కరవగలదు. దూరం నుంచి ఫోటో వస్తే తీయండి, లేకపోతే వదిలేయండి. ఫోన్ మాత్రం జీను సంచిలో కాదు, మీ జేబులో ఉండాలి. గుర్రం పారిపోతే ఫోనూ దాంతోనే పోతుంది.