పెప్పర్‌మింట్ క్యాప్సూల్ వేసుకున్నా కడుపు మెలిపెడుతూనే ఉందా?

ఐబీఎస్‌కి (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే కడుపునొప్పితో పాటు మలవిసర్జన తీరు మారిపోయే దీర్ఘకాలిక పేగు సమస్య) పెప్పర్‌మింట్ నూనె వాడి, "లాభం లేదు, పైగా ఛాతీలో మంట" అని పక్కన పడేసే ముందు ఒక్క సంగతి చూసుకోవాలి: ఆ నూనె జీర్ణాశయంలో బయటపడిందా, పేగులో బయటపడిందా? సగం చిక్కులు అక్కడే తేలిపోతాయి.

అసలు ఇది ఐబీఎస్సేనా?

ఐబీఎస్‌ని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం, కడుపునొప్పి మొదలై 6 నెలలు దాటి ఉండాలి, గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా వస్తూ ఉండాలి. ఆ నొప్పితో పాటు ఈ మూడింట్లో కనీసం రెండు కనబడాలి: విరేచనానికి వెళ్తే నొప్పి తగ్గడమో పెరగడమో జరగడం, రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారిపోవడం, మలం ఉండలుగానో నీళ్లగానో మారడం. నొప్పి లేని ఉత్త మలబద్ధకం, ఉత్త ఉబ్బరం ఈ లెక్కలోకి రావు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు ఉన్నా, 50 దాటాక ఈ బాధ కొత్తగా మొదలైనా, రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్ ఉన్నా క్యాప్సూల్ జోలికి పోకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. విరేచనాలు ఎక్కువగా ఉన్నవాళ్లకి సాధారణంగా రక్తపరీక్షలు, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష, పేగులో వాపు ఉందేమో చెప్పే క్యాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ కోసం మలపరీక్ష చేయిస్తారు. ఐబీఎస్‌లో పేగు లోపల పుండుగానీ వాపుగానీ కనబడదు. పేగు కండరం అదుపు తప్పి బిగుసుకోవడం, పేగు నరాలు మామూలు గ్యాస్‌ని కూడా నొప్పిగా మెదడుకి చేరవేయడం, ఈ రెండూ కలిసి బాధ పెడతాయి. కొందరిలో ఇది గట్టిగా విరేచనాలు పట్టుకుని తగ్గిన తర్వాత మొదలవుతుంది.

నూనె చేసే పని

కండరం బిగుసుకోవాలంటే దాని కణాల్లోకి క్యాల్షియం వెళ్లాలి. పెప్పర్‌మింట్ నూనెలోని మెంథాల్ ఆ దారుల్ని అడ్డుకుంటుంది, దాంతో పట్టు సడలుతుంది. కాబట్టి ఇది మెలిపెట్టే నొప్పికి, కొంతవరకు ఉబ్బరానికి. విరేచనాల మందూ కాదు, సుఖ విరేచనం మందూ కాదు.

లక్షణం: తేన్పుల్లో పిప్పరమెంటు బిళ్ల వాసన, గుండెల్లో మంట

ఇదే అందరికంటే ముందు కనబడే చిక్కు. క్యాప్సూల్ జీర్ణాశయంలోనే విచ్చుకుందని అర్థం. అన్నవాహికకీ జీర్ణాశయానికీ మధ్య ఒక కండరపు కవాటం ఉంటుంది. మెంథాల్ పేగుని సడలించినట్టే దాన్నీ సడలిస్తుంది, ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అందుకే సరైన క్యాప్సూల్‌కి ఎంటెరిక్ కోటింగ్ అనే పూత ఉంటుంది. అది ఆమ్లంలో కరగదు, ఆమ్లం తగ్గిపోయిన చిన్నపేగులో కరుగుతుంది. ఆ పూత ముందే ఎందుకు పోయిందో వరసగా చూడండి.

పెట్టె మీద "ఎంటెరిక్ కోటెడ్" అని ఉందా? లేకపోతే అది ఉత్త గొట్టం మాత్ర, మార్చేయండి. నమిలారా, కొరికారా, మింగలేక విప్పి నీళ్లలో కలిపారా? అప్పుడు పూత ఉన్నా లేనట్టే. తిన్న వెంటనే వేసుకున్నారా? తిండి పడగానే జీర్ణాశయంలో ఆమ్లం పలచబడుతుంది, క్యాప్సూల్ కూడా ఆ తిండితో పాటు గంటలకొద్దీ అక్కడే నానుతుంది. భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఖాళీ కడుపున, మామూలు నీళ్లతో మింగాలి.

చివరిది, ఎవరికీ తట్టనిది, గ్యాస్ మాత్ర. ఆమ్లాన్ని తగ్గించే మందు వేసుకుంటే జీర్ణాశయమే పేగులా కనబడుతుంది, పూత అక్కడే కరుగుతుంది. యాంటాసిడ్ అయితే 2 గంటలు ఎడం ఇస్తే చాలు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివైతే వాటి ప్రభావం రోజంతా ఉంటుంది, గంటల ఎడంతో పని జరగదు. ఏది ఆపాలో, ఏది ఉంచాలో డాక్టరు చెప్పాలి.

ఇవన్నీ సరిచేసినా మంట పోకపోతే ఈ మందు మీకు సరిపడదు. ఆపేయండి.

లక్షణం: విరేచనమప్పుడు మలద్వారం దగ్గర చురుకు

విరేచనాలు ఎక్కువైన రోజుల్లో పేగులోది తొందరగా బయటికి వచ్చేస్తుంది, పూర్తిగా ఒంటికి పట్టని మెంథాల్ కూడా దాంతోపాటే వస్తుంది. చర్మానికి తగిలి చురుక్కుమంటుంది. మోతాదు ఒక క్యాప్సూల్‌కి దించండి, లేదా ఆ రెండు రోజులూ మానేయండి. ప్రమాదమేమీ లేదు, చిరాకు మాత్రమే.

లక్షణం: వారమైనా మార్పు లేదు

ముందు మోతాదు చూడండి. ఒక్కో క్యాప్సూల్‌లో 0.2 మిల్లీలీటర్ల నూనె, అంటే సుమారు 180 నుంచి 200 మిల్లీగ్రాములు ఉండాలి. రోజుకి 3 సార్లు ఒక్కొక్కటితో మొదలుపెట్టాలి. చాలకపోతే ఒక్కో పూటకి రెండు వరకు వెళ్లొచ్చు. 2 నుంచి 4 వారాలు చూడకుండా తీర్పు చెప్పకండి. అప్పటికీ తేడా లేకపోతే సాగదీయడం దండగ. డాక్టరుని అడగకుండా 3 నెలలు దాటనివ్వకూడదు.

ఈ మందు మీద ఆశ కూడా కొలతగానే పెట్టుకోవాలి. నెదర్లాండ్స్‌లో 182 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లతో 8 వారాలు చేసిన పరీక్షలో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు, అయితే చిన్నపేగులో విడుదలయ్యే రకం వాడినవారిలో నొప్పి తీవ్రత తగ్గింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021 మార్గదర్శకాల్లో పెప్పర్‌మింట్‌ని సూచించింది, కానీ గట్టి సిఫారసుగా కాదు.

లక్షణం: నొప్పి తగ్గింది, మలబద్ధకం అలాగే ఉంది

ఇది నూనె పని కాదు. ఇసబ్గోల్ రోజుకి 3, 4 గ్రాములతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచుతూ, ప్రతిసారీ నిండు గ్లాసు నీళ్లతో తీసుకోండి. ఒక్కసారిగా ఎక్కువ మొదలుపెడితే ఉబ్బరం రెట్టింపవుతుంది. గోధుమ పొట్టు కూడా పీచేనని దాన్ని ఎంచుకోకండి, ఐబీఎస్‌లో అది తరచుగా బాధ పెంచుతుంది.

వాడకూడనివాళ్లు

పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, ఆమ్లం పైకి తన్నే జబ్బు ముదిరినవాళ్లు, సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. కొన్ని క్యాప్సూళ్లలో వేరుశెనగ నూనె కలుస్తుంది, ఆ అలర్జీ ఉంటే పెట్టె మీది చిన్న అక్షరాలు చదవాలి. సువాసనకి వాడే ఘాటు నూనె సీసాని మాత్రం క్యాప్సూల్‌కి బదులుగా వాడకండి. దాని రెండు చుక్కలు నాలుక మీద వేసుకుంటే నోరు, గొంతు మండుతాయి, పేగుకి చేరేది శూన్యం.