క్లౌడ్ సర్టిఫికేషన్: ఏది ఎంచుకోవాలి, ఎలా సంపాదించాలి

ఆమదాలవలసలో మా వీధి పిల్లలకు ఇంజినీరింగ్ చివరి సంవత్సరం రాగానే నన్ను అడిగేది ఒకటే: "అక్కా, ఏడబ్ల్యూఎస్ చెయ్యమంటావా, అజూర్ చెయ్యమంటావా?" క్లౌడ్ అంటే సొంత సర్వర్లు కొనకుండా ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం; ఏడబ్ల్యూఎస్ అమెజాన్ వాళ్ళది, అజూర్ మైక్రోసాఫ్ట్ వాళ్ళది. క్లౌడ్ సపోర్ట్‌లో పనిచేస్తూ, కొత్తవాళ్ళను ఇంటర్వ్యూ చేసే మనిషిగా నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు నౌకరీలోనో లింక్‌డ్ఇన్‌లోనో మీరు నిజంగా దరఖాస్తు పెట్టగలిగే ఉద్యోగ ప్రకటనలు ఓ పాతిక తియ్యండి. ఏ క్లౌడ్ అడిగారో, ఏ సర్టిఫికెట్ అడిగారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోండి. డాట్‌నెట్, విండోస్ సర్వర్లు వాడే కంపెనీలు ఎక్కువగా అజూర్ అడుగుతాయి. స్టార్టప్‌లలో ఏడబ్ల్యూఎస్ ఎక్కువ. డేటా వైపు వెళ్ళేవాళ్ళకు పెద్ద డేటాను విశ్లేషించే గూగుల్ బిగ్‌క్వెరీ తగులుతుంది. ఏ పేరు పక్కన గీతలు ఎక్కువ పడితే అదే మీది. ఒకేసారి రెండు క్లౌడ్‌లు మొదలుపెట్టకండి.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ ప్రకటించినప్పటి నుంచి "మన పక్కనే వస్తోంది కదా, గూగుల్‌దే చేయిద్దాం" అనే తల్లిదండ్రులు పెరిగారు. డేటా సెంటర్ దగ్గరుంటే అక్కడ కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ చూసేవాళ్ళకు పని దొరుకుతుంది. క్లౌడ్ ఇంజినీరుకు మాత్రం సర్వరు ముంబైలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా పని ఒక్కటే. అందుకని ఊరిని కాదు, ప్రకటనలను చూసి ఎంచుకోండి.

ఇక ఏ స్థాయి? ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ ఫీజు 100 డాలర్లు, సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌ది 150, పన్నులు అదనం. ఒక పరీక్ష పాసైతే తర్వాతి దానికి సగం ఫీజు తగ్గే కూపన్ ఇస్తారు. అంటే రెండూ రాస్తే 175. బీటెక్ కంప్యూటర్స్ చేసినవాళ్ళు నేరుగా అసోసియేట్ రాయండి. బీకామ్, బీఎస్సీ నుంచి వచ్చేవాళ్ళకు ఆ అదనపు 25 డాలర్లు దండగ కాదు, పరీక్ష భయం పోతుంది. ఈ రెండూ మూడేళ్ళు చెల్లుతాయి. అజూర్‌లో ప్రాథమిక స్థాయి ఏజెడ్-900కు గడువు లేదు. దాని పై స్థాయి అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ ఏజెడ్-104 ఏడాదే చెల్లుతుంది గానీ, ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవచ్చు.

చదువు సంగతికొస్తే, వీడియోలు చూస్తూ కూర్చుంటే రాదు. చేతులతో కట్టాలి. 2025 జులై నుంచి కొత్త ఏడబ్ల్యూఎస్ ఖాతాకు 100 డాలర్ల క్రెడిట్ వస్తోంది. కొన్ని పనులు పూర్తిచేస్తే మరో 100 దాకా ఇస్తారు. ఖాతా తెరిచిన రోజే రూట్ యూజర్‌కు (అన్ని అధికారాలూ ఉన్న ప్రధాన లాగిన్‌కు) ఎంఎఫ్ఏ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ పెట్టండి, బడ్జెట్ అలర్ట్ పెట్టండి. నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కు వెళ్ళే దారి) మీరు వాడినా వాడకపోయినా గంటల లెక్కన డబ్బు తింటుంది, పని అవగానే తీసేయండి.

నేను అందరిచేతా చేయించే పని ఒకటుంది. ఒక వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత నెట్‌వర్క్) సృష్టించి అందులో 10.0.1.0/24 సబ్‌నెట్ (ఆ నెట్‌వర్క్‌లో ఒక ముక్క) పెట్టండి. 256 అడ్రసుల్లో ఐదు ఏడబ్ల్యూఎస్ ఉంచుకుంటుంది, మీకు 251 కనిపిస్తాయి. ఇంటర్నెట్ గేట్‌వే తగిలించి, రూట్ టేబుల్‌లో దారి ఇచ్చి, పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న లైనక్స్ సర్వరు మీద వెబ్ పేజీ నిలబెట్టండి. సర్వరుకు కాపలా కాసే సెక్యూరిటీ గ్రూప్‌లో వెబ్ పేజీలు వాడే 80వ పోర్టు తెరిస్తే పేజీ వస్తుంది. ఇప్పుడు కొత్తగా ఒక నెట్‌వర్క్ ఏసీఎల్ (సబ్‌నెట్ మొత్తానికి కాపలా నియమాలు) చేసి, లోపలికి 80 మాత్రమే అనుమతించి, ఆ సబ్‌నెట్‌కు తగిలించండి. పేజీ ఆగిపోతుంది! సెక్యూరిటీ గ్రూప్ లోపలికి వదిలినదాని జవాబును తనంతట తానే బయటికి పంపుతుంది. ఏసీఎల్‌కు ఆ గుర్తు ఉండదు. బయటికి, జవాబులు వెళ్ళే 1024 నుంచి 65535 వరకు పోర్టులు తెరవగానే పేజీ మళ్ళీ వస్తుంది. ఈ తేడా కళ్ళారా చూసినవాళ్ళు పరీక్షలోనూ తడబడరు, నా ముందు ఇంటర్వ్యూలోనూ తడబడరు.

డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) కొని బట్టీపట్టే దారి మాత్రం వద్దు. నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ రద్దు చేయొచ్చు. రద్దు కాకపోయినా, "ఆ పేజీ ఎందుకు ఆగింది?" అని అడిగితే రెండో నిమిషంలో దొరికిపోతారు. అప్పులు చేసి ఫీజులు కట్టే ఇళ్ళు మనవి, ఆ డబ్బు నేర్చుకోవడానికే ఖర్చవ్వాలి.

అసోసియేట్ పరీక్షలో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 1000కి 720 వస్తే పాస్. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళకు 30 నిమిషాలు ఎక్కువిస్తారు. అది పరీక్ష బుక్ చేయకముందే ఖాతాలో అడగాలి, మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలీదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. ప్రశ్న చివరి వాక్యం ముందు చదవండి: తక్కువ ఖర్చు అడిగారా, తక్కువ నిర్వహణ అడిగారా? జవాబు అక్కడే తిరిగిపోతుంది.

పేరు దగ్గర జాగ్రత్త. మన టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోచోట పొడి అక్షరమే ఉంటుంది. పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డులో ఎలా ఉందో ఖాతాలో అచ్చం అలాగే రాయండి. ఇంటి నుంచి రాసే వీలున్నా, తుపాన్ల కాలంలో నేను ఆ సలహా ఇవ్వను. కరెంటు పోయి రౌటర్ ఆగితే పరీక్ష మధ్యలో తెగిపోతుంది. ముందురోజు సాయంత్రమే మా ఊరి స్టేషన్ శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కి విశాఖ వెళ్ళి, సెంటర్లో కూర్చుని రాయడం నయం. ఫలితం ఐదు పనిదినాల్లోపు వస్తుంది. తప్పితే 14 రోజులు ఆగి మళ్ళీ రాయొచ్చు.

పాసయ్యాక రెజ్యూమెలో బ్యాడ్జ్ లింకు కన్నా పైన, మీరు కట్టినదాని గిట్‌హబ్ లింకు పెట్టండి. కట్టినదాని బొమ్మను కాగితం మీద గీసి, ఇంట్లో ఎవరికైనా తెలుగులో ఒకసారి, స్నేహితుడికి ఇంగ్లిష్‌లో ఒకసారి వివరించి చూడండి. ఎక్కడ ఆగిపోతారో, ఆ భాగాన్ని ఆ రాత్రే మళ్ళీ కట్టండి.