హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు ఆరు నెలల్లో ఎలా సిద్ధం కావాలి?

1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి. మొత్తం 113 కిలోమీటర్లు, అంటే 70.3 మైళ్లు. హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు ఐరన్‌మ్యాన్ 70.3 అనే పేరు అలా వచ్చింది. మన దేశంలో ఈ పోటీ 2019లో గోవాలో మొదలైంది. గడువు ఎనిమిదిన్నర గంటలు. పూర్తి ఐరన్‌మ్యాన్ దీనికి రెట్టింపు దూరం కాబట్టి తొలిసారి దిగేవారు ఈ సగంతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తగలిగితే ఆరు నెలలు సరిపోతాయి. నలభై దాటినవారు, బీపీ, షుగర్, గుండె సమస్యలున్నవారు ముందు డాక్టరును కలవాలి.

1. ఈతను మళ్లీ నేర్చుకోండి

ఊరి బావిలో నేర్చిన ఈతలో తల పైకే ఉంటుంది. తల లేస్తే కాళ్లు మునుగుతాయి, ఒళ్లంతా నీటికి అడ్డం పడుతుంది, వంద మీటర్లకే ఆయాసం వస్తుంది. ముఖం నీటిలో ఉంచి, అక్కడే గాలి వదిలి, పక్కకు తిరిగి పీల్చే ఫ్రీస్టయిల్‌ను కోచ్ దగ్గర నేర్చుకోండి. వారానికి మూడు రోజులు చేయండి.

కొలనులో ఆగకుండా 2 కిలోమీటర్లు ఈదగలిగాకే సముద్రం సంగతి. గోవాలో ఈదేది అరేబియా సముద్రంలో. కొలను అడుగున దారి చూపే గీత ఉంటుంది, సముద్రంలో ఉండదు. అందుకే ఏడెనిమిది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి ఎదుటి గుర్తును చూసుకోవాలి. దీన్ని కొలనులోనే అలవాటు చేసుకోండి. సముద్రంలోకి ఒంటరిగా మాత్రం వెళ్లకండి. విశాఖ ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఎందరిని బలిగొన్నాయో మనకు తెలుసు.

2. సైకిల్ మీద బలం దాచుకోండి

పరుగు ఎలా సాగుతుందో సైకిల్ మీదే తేలిపోతుంది. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగమే మీ వేగం. ఆదివారం సవారీని 30 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లగా 90కి పెంచండి. హైదరాబాద్ వాసులకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది. అక్కడ లారీల భయం ఉండదు.

3. సైకిల్ దిగగానే పరుగెత్తండి

దీన్ని బ్రిక్ సాధన అంటారు. మొదటి కిలోమీటరులో కాళ్లు మనవి కానట్టే ఉంటాయి. తొడలు బిగుసుకుంటాయి, అడుగు పొట్టిగా పడుతుంది, అయినా మనసు పరుగు తీయమంటుంది. అప్పుడు వేగం తగ్గించి చిన్న అడుగులే వేయండి. పది, పదిహేను నిమిషాల్లో కాళ్లు సర్దుకుంటాయి. వారానికోసారి చేస్తే పోటీనాడు కంగారుండదు.

4. తినడం కూడా సాధనే

నేను అందరికీ పదే పదే చెప్పే మాట ఇదే. సైకిల్ మీద గంటకు దాదాపు 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. రెండు మాదిరి అరటిపళ్లలో 50 గ్రాములు దాటి ఉంటుంది, చిన్న బెల్లం ముక్క తోడైతే లెక్క సరి. కానీ కదులుతూ తిన్నది అరిగించుకోవడం కడుపుకు అలవాటు కావాలి. పోటీనాడు తినబోయేదే ప్రతి ఆదివారం తినండి.

సాధనకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. గంటలో కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టే. దాంతో పాటు ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది కాబట్టి ఓఆర్ఎస్ కలుపుకోండి.

5. విశ్రాంతి తీసుకోండి

ప్రతి నాలుగో వారం సాధన తగ్గించండి. ఆఖరి రెండు వారాలు సగానికి దించండి.

6. పోటీనాడు

హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్‌ను ముట్టుకోండి, అది నిబంధన. పరుగులో మొదటి ఐదు కిలోమీటర్లు ఎందరు దాటిపోయినా పోనివ్వండి. పదిహేనో కిలోమీటరు దగ్గర వారిలో కొందరు నడుస్తూ కనిపిస్తారు.