తెలిసిన దుకాణంలో మొహమాటపడకుండా కొనడం ఎలా

తెనాలి వంటి ఊళ్లో దుకాణదారుడికి మీ ఇంటిపేరు తెలుసు, మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో తెలుసు, పోయినసారి మీరు కొన్న కుక్కరు ఎన్ని లీటర్లదో కూడా గుర్తుంటుంది. అందుకే జేబులో డబ్బు చాలకపోయినా సరుకు ఇంటికి వస్తుంది, పండుగ ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి సగం దించిన షట్టరు మనకోసం మళ్లీ పైకి లేస్తుంది. బిల్లు అడగడానికీ, తూకం సరిచూడమనడానికీ, పాడైన వస్తువును వెనక్కి తీసుకెళ్లడానికీ మనకు నోరు రానిది కూడా ఆ పరిచయం వల్లనే. పరిచయం చెడకుండా మనకు రావలసినది అడిగి తీసుకునే పద్ధతి ఒకటి ఉంది. దానిని నేను కొంత నష్టపోయిన తరువాతనే నేర్చుకున్నాను.

కొన్నేళ్ల క్రితం మా అమ్మ కోసం మిక్సీ కొన్నాను. దుకాణం మా నాన్నగారి కాలం నుంచి తెలిసినదే. బిల్లు మాట ఎత్తబోతుంటే యజమాని నవ్వి, "మనలో మనకు బిల్లెందుకండీ, ఏదైనా వస్తే నేను లేనూ?" అన్నారు. నేనూ నవ్వి వచ్చేశాను. ఎనిమిది నెలల తరువాత ఒకరోజు గారెలకు పప్పు రుబ్బుతుండగా కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోయింది. దుకాణానికి తీసుకెళితే యజమాని ఊళ్లో లేరు, వారి అబ్బాయి గుంటూరులోని సర్వీసు సెంటరు చిరునామా రాసి ఇచ్చాడు. అక్కడి కుర్రాడు వారంటీ కార్డును అటూ ఇటూ తిప్పి, "కొన్న తేదీ ఏదండీ? షాపు ముద్ర ఏదండీ?" అని అడిగాడు. రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి. కొన్న తేదీకి రుజువు లేదు కనుక మిక్సీ అడుగున ఉన్న తయారీ నెల నుంచి లెక్క వేశాడు. చిన్న ఊళ్లలో సరుకు అరల మీద చాలాకాలం ఉండడం మామూలే కాబట్టి ఆ లెక్క ప్రకారం వారంటీ అప్పటికే తీరిపోయింది, మోటారు ఖర్చు నా నెత్తిన పడింది. ఇందులో దుకాణదారుడి మోసమేమీ లేదు, నా మొహమాటానికి నేనే రుసుము కట్టుకున్నాను.

కనుక విద్యుత్ వస్తువు కొనేటప్పుడు డబ్బు చేతులు మారకముందే పని పూర్తి చేసుకోవాలి. వస్తువును పెట్టెలోంచి తీయించి, కౌంటరు పక్కన ఉండే టెస్టింగ్ బోర్డుకు తగిలించి నడిపించి చూడాలి. పెట్టె మీది సీరియల్ నంబరూ వస్తువు మీది నంబరూ ఒకటేనా అన్నది సరిపోల్చుకోవాలి. బిల్లులో తేదీ, మోడల్, సీరియల్ నంబరు మూడూ ఉండాలి. వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, సంతకం, తేదీ మన ఎదుటే పడాలి. తరువాత బిల్లును వెంటనే ఫోనుతో ఫోటో తీసుకోవాలి, ఎందుకంటే యంత్రం మీద వచ్చే ఆ పల్చటి కాగితం మీది అక్షరాలు బీరువాలో ఏడాది గడిచేసరికి వెలిసిపోయి, సరిగ్గా అవసరమైన రోజున తెల్ల కాగితం మిగులుతుంది.

అడిగే తీరులోనే సగం పని ఉంది. "మీ మీద నమ్మకం లేక కాదు" అని మొదలుపెడితే నమ్మకం లేదన్న సంగతే ఎదుటివారికి వినిపిస్తుంది. దానికి బదులు, "గుంటూరులో సర్వీసు సెంటరువాళ్లు బిల్లు లేనిదే ముట్టుకోరటండీ, కాస్త ముద్ర వేసి ఇవ్వండి" అంటే సరిపోతుంది. నిబంధన మూడో మనిషిది అవుతుంది కాబట్టి ఇద్దరి పరువూ నిలబడుతుంది.

బిల్లు విషయంలో తరచుగా ఎదురయ్యే మాట, "బిల్లు కావాలంటే జీఎస్టీ అదనమండీ" అన్నది. ప్యాకెట్టు మీద అచ్చయ్యే గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దానిపైన ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అయితే ఆ ధర కన్నా తగ్గించి ఇస్తామన్న రేటును బిల్లు అనగానే మార్చేయడం మామూలుగా జరుగుతూ ఉంటుంది కాబట్టి, బేరం మొదట్లోనే "బిల్లుతో కలిపి ఎంతకిస్తారు?" అని అడగడం మేలు. కాంపోజిషన్ పథకంలో (అమ్మకాల మొత్తం మీద కొద్ది శాతం పన్నును వ్యాపారి తానే కట్టే పద్ధతిలో) ఉన్న చిన్న వ్యాపారి కొనుగోలుదారు నుంచి పన్నును విడిగా వసూలు చేయకూడదు, ఆ సంగతి అతని బిల్లు మీదే రాసి ఉండాలి. జీఎస్టీ నంబరే లేని దుకాణం జీఎస్టీ పేరుతో డబ్బు అడగడం మరీ తప్పు, కానీ మామూలు రసీదు ఇవ్వడానికి ఆ నంబరు అక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. ఈ సంగతి మనకు తెలిసి ఉంటే చాలు, కౌంటరు దగ్గర చదివి వినిపించనక్కరలేదు.

తూకం దగ్గర మాత్రం నేను మొహమాటాన్ని పూర్తిగా వదిలేశాను. ఎలక్ట్రానిక్ కాటా మీద సరుకు పెట్టకముందు అంకెలు సున్నా చూపుతున్నాయా అన్నది మొదట చూడాలి. కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ తనిఖీ, ముద్ర తప్పనిసరి. తనిఖీ ధ్రువపత్రాన్ని గోడకు కనబడేలా తగిలించి ఉంచాలి, కానీ దాని మీద తేదీ చూసేవారు తక్కువ. అన్నిటికన్నా ఎక్కువ నష్టం మిఠాయి కొట్లలో జరుగుతుంది. ఒకచోట అరకిలో నేతి మైసూరుపాకు అడిగితే అట్టపెట్టెను కాటా మీద పెట్టి అందులోనే ముక్కలు పేర్చడం మొదలుపెట్టారు. ఖాళీ పెట్టెను ఒకసారి తూచమని అడిగాను. అంకె అరవై ఎనిమిది గ్రాముల దగ్గర ఆగింది. అంటే మైసూరుపాకు ధరకు నేను అట్ట కొంటున్నానన్నమాట. నికర తూకంలో పెట్టె బరువు కలపకూడదన్నదే నియమం. "ముందు పెట్టె పెట్టి సున్నా చేయండి బాబూ, తరువాత మిఠాయి వేయండి" అంటే ఆ కుర్రవాడు మారుమాట లేకుండా ఒక మీట నొక్కాడు. మీట అక్కడే ఉంది, నొక్కమని అడిగేవారే లేరు.

బస్టాండు దగ్గర శీతల పానీయాల మీద వేసే "కూలింగ్ చార్జీ" కూడా గరిష్ఠ ధరను దాటి తీసుకునేదే. అచ్చైన ధర చూపించి అంతే ఇస్తే చాలామంది వాదించకుండా తీసుకుంటారు.

కిరాణా ఖాతాది వేరే కథ. నెలాఖరున ఇచ్చేలా పద్దు రాయించుకునే ఇళ్లు ఇప్పటికీ తక్కువేమీ కాదు. ఆ సౌకర్యానికి షావుకారు వడ్డీ వేసుకోరు, కాబట్టి దానిని గౌరవంగా వాడుకోవాలి. గొడవలన్నీ ఎక్కడ పుడతాయంటే, పిల్లవాడిని పంపి తెప్పించిన సరుకు దగ్గరా, ఫోన్‌పేలో కట్టిన డబ్బు దగ్గరా. కౌంటరు మీది డబ్బా "వెయ్యి రూపాయలు అందాయి" అని గట్టిగానే చెబుతుంది, కానీ పద్దు పుస్తకానికి ఆ మాట వినబడదు. కాబట్టి డబ్బు పంపిన నిమిషంలోనే జమ రాయించి, మిగిలిన బాకీ ఎంతో పైకి చదివించుకోవాలి. ఇంట్లో మనకూ ఒక చిన్న నోటుపుస్తకం ఉండాలి. సరుకుతో వచ్చిన చీటీ మీద ఆ రోజు మొత్తాన్ని అందులో రాసుకుంటే, నెలాఖరున రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడడానికి ఐదు నిమిషాలు చాలు. తేడా వస్తే, అది ఎంత చిన్నదైనా, ఆ రోజే అడగాలి. మూడు నెలల తరువాత అడిగితే సంగతి ఇద్దరికీ గుర్తుండదు, మాట మాత్రం మిగులుతుంది.

ఇక పాడైన వస్తువును వెనక్కి తీసుకెళ్లడం. దీనికి వేళ చూసుకోవాలి. పొద్దున్నే బోణీ కాకముందు ఫిర్యాదుతో గడప తొక్కితే ఎంత మంచి వ్యాపారికైనా మనసు ముడుచుకుంటుంది, సాయంత్రం రద్దీలో నలుగురి ముందు అడిగితే తన పరువు కోసమైనా అడ్డంగా మాట్లాడతాడు. మధ్యాహ్నం మూడు గంటల వేళ దుకాణం ఖాళీగా ఉంటుంది, యజమాని స్వయంగా గల్లాపెట్టె దగ్గర ఉంటారు. అప్పుడు బిల్లు, వస్తువు రెండూ బల్ల మీద పెట్టి, ఏం జరిగిందో చెప్పి, ఏం కావాలో కూడా స్పష్టంగా చెప్పాలి: మార్చి ఇవ్వాలా, బాగు చేయించాలా, డబ్బు తిరిగి ఇవ్వాలా. పని కుర్రాళ్లతో వాదించడం వృథా, నిర్ణయం వారి చేతిలో ఉండదు. వస్తువును బాగు చేయించడానికి దుకాణంలోనే వదిలి వస్తే, తేదీతో ఒక చీటీ రాయించుకోకుండా రాకూడదు.

"ఒకసారి అమ్మిన వస్తువులు తిరిగి తీసుకోబడవు" అన్న బోర్డు చూసి వెనుదిరగనక్కరలేదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే ముప్పై రోజుల్లోగా తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అదే వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. కానీ ఇది లోపానికి సంబంధించిన హక్కు. చీర రంగు ఇంట్లో ఎవరికీ నచ్చలేదన్న కారణానికి చట్టంలో చోటు లేదు, అక్కడ మార్చి ఇవ్వడం వ్యాపారి మర్యాద. ఆ మర్యాద కావాలంటే మడత విప్పకుండా, ధర చీటీ తెంపకుండా, రెండు మూడు రోజుల్లోనే వెళ్లాలి.

ఇంత చేసినా పని జరగకపోతే, కోరికను కాగితం మీద రాసి, తేదీ వేసి, ఒక నకలు మీద వారి సంతకం తీసుకోవాలి, సంతకం పెట్టకపోతే స్పీడు పోస్టులో పంపాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. తూకంలో మోసమైతే జిల్లాలోని తూనికలు కొలతల శాఖ అధికారికి చెప్పాలి. ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ రుసుము లేదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, న్యాయవాది లేకుండా మన కేసు మనమే చెప్పుకోవచ్చు. మనం నివసించే చోటే వేసే వీలు ఉంది కాబట్టి, తెనాలిలో కొన్న వస్తువు గురించి హైదరాబాదులో ఉండే కొనుగోలుదారు అక్కడి కమిషన్‌లోనే వేసుకోవచ్చు. వివాదం పుట్టిన రెండేళ్లలోగా వేయాలి. లోపం తయారీలో ఉందనుకుంటే దుకాణాన్ని ఒక్కదాన్నే కాక కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాలి, లేకపోతే ఆ భారమంతా మన ఊరి దుకాణదారుడి మీదే పడుతుంది.